పాత గిటారు – కొత్త చర్చ

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని తెలుగు సామెత. విద్యుత్ గిటార్ల విషయంలో ఈ సామెత తలకిందులైంది. 1950వ దశకంలో అమెరికాలో తయారైన కొన్ని గిటార్లను లక్షల డాలర్లు వెచ్చించి కొనేవారున్నారు. వాటి నాదం నిజంగా అంత శ్రేష్ఠమైనదా, లేక అది కేవలం కీర్తి మహిమా అని వాద్యకారులలో చిరకాలంగా చర్చ సాగుతున్నది.

విద్యుత్ గిటారులో ఉక్కు తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నని రాగి తీగ చుట్టలు ఉంటాయి. ఈ అమరికను 'పికప్' అంటారు. తీగ కంపించినప్పుడు రాగి చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. ఆంప్లిఫయర్ దానిని పెంచి ధ్వనిగా వినిపిస్తుంది.

గిబ్సన్ సంస్థ 1952లో 'లెస్ పాల్' గిటారును విడుదల చేసింది. 1957లో దానికి రొదను తగ్గించే 'హంబకర్' పికప్‌ను అమర్చింది. 1958 – 1960 మధ్య 'సన్‌బర్స్ట్' రంగులో తయారైనవి రెండు వేలకు మించవు. నేడు అమూల్యమైన ఆ గిటార్లకు నాడు తగిన ఆదరణ లభించలేదు. 1961లో సంస్థ ఆ ఆకృతినే విడిచిపెట్టింది. 1966లో జాన్ మేయాల్ బృందం వెలువరించిన ఆల్బమ్‌లో ఎరిక్ క్లాప్టన్ అటువంటి గిటారును వాయించాడు. ఆ నాదం శ్రోతలను ముగ్ధులను చేసింది. గిరాకీ పెరగడంతో సంస్థ 1968లో లెస్ పాల్ తయారీని పునరుద్ధరించింది. గిటారు మారలేదు, దానిని చూసే దృష్టి మారింది.

పాత గిటార్లను అభిమానించేవారి వాదనలోనూ బలముంది. ఆనాడు విరివిగా వాడిన బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతర్జాతీయ వ్యాపారంపై 1992 నుండి కఠినమైన నిషేధముంది. ఫెండర్ సంస్థ 1965లో సీబీఎస్ చేతికి వెళ్లిన తరువాత ఉత్పత్తి పెరిగి, పనితనం తగ్గిందని కూడా వారంటారు.

దీనికి ఎదుటి పక్షం సమాధానం చెబుతుంది. 1969లో వుడ్‌స్టాక్ ఉత్సవంలో జిమీ హెండ్రిక్స్ వాయించిన తెల్లని స్ట్రాటోకాస్టర్ సీబీఎస్ కాలంలో తయారైనదే. పైగా, తొలి హంబకర్లలో తీగ చుట్ల సంఖ్య ఒకే విధంగా ఉండేది కాదు. అందువల్ల ఒకే ఏడాది తయారైన రెండు గిటార్లు భిన్నంగా పలికేవి. మంచివాటిని జనం భద్రపరచుకున్నారు, నాసిరకానివి కనుమరుగయ్యాయి. మిగిలినవాటిని చూసి నాటివన్నీ మేలైనవనుకోవడం పొరపాటు.

వయొలిన్ల విషయంలో ఇటువంటి సందేహానికి ఒక పరీక్ష జరిగింది. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో 21 మంది కళాకారులు కళ్లకు నల్లని అద్దాలు ధరించి, మూడు పాత, మూడు కొత్త వయొలిన్లను వాయించారు. పాతవాటిలో రెండు స్ట్రాడివేరియస్‌లు. ఎక్కువమంది కొత్త వయొలిన్‌నే మెచ్చుకున్నారు. గిటారు వేరు, వయొలిన్ వేరు. అయినా పేరు తెలియనప్పుడు చెవి ఇచ్చే తీర్పు వేరుగా ఉండవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది.

పాత గిటారుకు చెల్లించే మూల్యంలో చరిత్ర, అరుదుదనం కూడా కలిసి ఉన్నాయి. వాటికి వెల కట్టడం తప్పు కాదు. వాటినే నాదమని భ్రమించడం తప్పు. కొద్దిపాటి డబ్బుతో తొలి గిటారు కొనబోయే విద్యార్థి ముందుగా విశ్వసించవలసినది తయారైన సంవత్సరాన్ని కాదు, తన చెవిని.

ప్రశ్నలు
1. లెస్ పాల్ గిటారుకు కీర్తి ఎలా లభించింది?
2. పాత గిటార్లపై ఇరుపక్షాల వాదనలను వివరించి, మీ అభిప్రాయం తెలపండి.