మార్పు చేప పిల్లలకూ చాకీ దశ ఉంది

పట్టుతోపాటు తొట్లలో మార్పు చేప, అంటే మాగుర్, పిల్లల్ని తీద్దామనుకునే రైతులకు ఈ పాఠం.

ఆడచేపకు హార్మోన్ సూది వేసిన సుమారు 16-17 గంటలకు పొట్ట నొక్కి గుడ్లు తీస్తారు. మగచేపకు అలా నొక్కితే వీర్యం రాదు, కోసి తీయాల్సిందే. అందుకే మగచేపల ఖర్చు ముందే లెక్కేసుకోండి. నీళ్లు 27-29 డిగ్రీలుంటే దాదాపు ఒక రోజులో గుడ్లు పగులుతాయి.

మొదటి మూడు రోజులు మేత అక్కర్లేదు, పొట్టకింద సొన ఉంటుంది. అసలు పని ఆ తర్వాతే. చాకీ పురుగుకు లేత ఆకు ఎలాగో, వీటికి ఆర్టీమియా, నీళ్లలో ఉండే సన్న పురుగులు అలాగ. మన ప్యూపా పొడి అప్పుడే వద్దు.

పది పన్నెండు రోజులకు పిల్లలు పైకొచ్చి గాలి పీల్చడం మొదలుపెడతాయి. నీళ్లు లోతుగా ఉంటే పైకీ కిందికీ ఈది అలసిపోతాయి, అరజానెడు చాలు. పెద్దవి చిన్నవాటిని తినేస్తాయి కూడా. జ్వరం లేచిన పురుగుల్ని వేరు చేసినట్టే సైజు చూసి విడదీయండి, బద్ధకించొద్దు.

షెడ్డు కడిగిన బ్లీచింగ్ నీళ్లు తొట్టివైపు అస్సలు పోనీయకండి, క్లోరిన్‌కు పిల్లలు చచ్చిపోతాయి. తల్లిచేపలు కొనేటప్పుడు నాటు మార్పేనా అని గట్టిగా అడగండి. ఆఫ్రికా జాతిని పెంచడం మన దేశంలో నిషేధం.