కొల్లేటి పక్షులు చెప్పే పాఠం

పక్షుల్ని చూడటం పనీపాటా లేనివాళ్ళ కాలక్షేపమని మనలో చాలామంది అభిప్రాయం. అది ఒక చదువని నాకు తెలిసింది కొల్లేటి గట్టున.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఇక్కడ నిలిచి, ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తుంది. చలికాలంలో కైకలూరు దగ్గరి ఆటపాక వెళ్ళండి. గూళ్ళలో పిల్లలతో గూడబాతులు కనిపిస్తాయి.

కొత్తవాళ్ళు ముందుగా రంగు చూస్తారు. నేను మాత్రం ముక్కూ కాళ్ళూ చూడమంటాను. ముక్కును బట్టి తిండి, కాళ్ళను బట్టి నీటి లోతు తెలుస్తాయి. గూడబాతు ముక్కు కింది సంచి చేపలు దాచుకునే బుట్ట కాదు, వల. ఈదుతూ నీళ్ళతో సహా చేపను తోడి, నీళ్ళు వదిలేసి మింగుతుంది. ఎర్రకాళ్ళ కొంగ నీళ్ళలో నడుస్తూ, ముక్కు కాస్త తెరిచి నీటిలో ఉంచుతుంది. చేప తగిలిందో, టక్కున మూస్తుంది. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందుంటుంది. దాని తిండి ముఖ్యంగా నత్తలు. నీటికాకి మునిగి వేటాడుతుంది. ఉల్లంకి పిట్టలు ఒడ్డు బురదలో పురుగులు ఏరుకుంటాయి. ఇన్ని జాతులు ఒకేచోట బతకగలగడానికి లోతుల్లో ఉన్న ఈ తేడా ఒక ముఖ్య కారణం.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. సరస్సులో ఎత్తైన గట్లు వేసి చేపల చెరువులు తవ్వితే లోతంతా ఒకటే అవుతుంది. గూడబాతుకు చేపలు దొరకవచ్చు గాని, ఉల్లంకికి కాలు మోపే చోటుండదు. 1999లో 5 అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో ఎన్నో చెరువుల గట్లు కొట్టేశారు. అయితే ఆ చేపల మీదే బతికే కుటుంబాల గోడునూ కాదనలేం. గట్టు తెగితే పక్షికి నేల దొరుకుతుంది, కూలివాడికి పని పోతుంది. ఏ పరిష్కారమైనా ఈ రెంటినీ లెక్కలోకి తీసుకోవాలి.

ఆ లెక్కకు విద్యార్థులుగా మనం కొంత సాయం చేయవచ్చు. ఏటా ఒకే నెలలో, ఒకే గట్టు మీద నిలబడి, మొత్తం ఎన్ని పక్షులని కాక ఏ లోతులో ఏవి ఎన్ని ఉన్నాయో రాసిపెట్టండి. గూళ్ళ దగ్గరికి పోవద్దు, కేకలు వేయొద్దు. గూడబాతులు వేలల్లో కనిపించినంత మాత్రాన కొల్లేరు క్షేమమనుకోకండి మిత్రులారా! బురదలో తిరిగే ఆ చిన్న పిట్టలు ఏటికేడు తగ్గుతున్నాయా, పెరుగుతున్నాయా? కొల్లేరు సంగతి అవే చెబుతాయి.