పాత పెట్టెకు కొత్త దుబాసీ

ఆర్కేడ్ పెట్టెని మనలో చాలామంది సినిమాల్లో తప్ప చూసి ఉండరు. బీరువా అంత పెట్టె, అందులో ఒక తెర, దాని కింద జాయ్‌స్టిక్, బటన్లు, నాణెం వేసే సందు. జపాన్‌లో 1978లో స్పేస్ ఇన్వేడర్స్, 1980లో ప్యాక్‌మ్యాన్ ఇలాంటి పెట్టెల్లోనే వచ్చాయి. పెట్టె గట్టిగానే ఉంటుంది గానీ, ఏళ్ళు గడిచేకొద్దీ లోపలి సర్క్యూట్ బోర్డు చెడిపోతుంది. అప్పుడు ఆ బోర్డు చోట చిన్న కంప్యూటర్ పెట్టి, పాత ఆటల్నే మళ్ళీ ఆడించవచ్చు. ఈ పనిలో తెలుగు చదివే మనకి తెలిసిన సంగతులే చాలా ఉన్నాయి.

ఎమ్యులేటర్ అంటే ఏమిటి?

పాత ఆట ఒక ప్రోగ్రామ్. అది బోర్డు మీది చిప్పుల్లో, ఆ బోర్డుకి మాత్రమే అర్థమయ్యే భాషలో ఉంటుంది. ఇప్పటి కంప్యూటర్‌కి ఆ భాష రాదు. మధ్యలో దుబాసీ కావాలి. మా ఇంట్లో అవ్వకి తెలుగే వచ్చు, పాట్టికి తమిళమే వచ్చు. ఇద్దరూ మాట్లాడుకోవాలంటే నేను పక్కన ఉండాలి. ఎమ్యులేటర్ చేసేదీ అదే. వీటిలో పేరున్నది మేమ్. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టారు.

మంచి దుబాసీ సొంత మాట కలపకూడదు. ప్యాక్‌మ్యాన్‌లో దశ సంఖ్యకి ఇచ్చిన చోటు ఎనిమిది బిట్లే, అందులో 255 దాటి లెక్క పట్టదు. అందుకే 256వ దశలో తెర కుడి సగమంతా పిచ్చి అక్షరాలతో నిండిపోతుంది. మేమ్‌లో ఆడినా అంతే, అది తప్పుని దిద్దదు. తాళపత్రంలో లేఖకుడి తప్పు కనిపిస్తే మంచి పరిష్కర్త గుట్టుగా మార్చేయడు కదా, ఇదీ అదే క్రమశిక్షణ.

పని వరుస

1. ముందు పాత బోర్డుని పరీక్ష చేయించాలి. అది పనిచేస్తుంటే, బాగుచేయగలిగితే, పెట్టె జోలికి పోకూడదు.

2. విప్పే ముందు ఫొటోలు తీసి, ప్రతి వైరుకీ చీటీ కట్టాలి.

3. పాత పిక్చర్ ట్యూబ్‌ని మనం ముట్టుకోకూడదు. ప్లగ్ తీసేసినా అందులో వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు. అది అనుభవమున్న టీవీ మెకానిక్ పని. పైగా చాలా ఆర్కేడ్ తెరలకి 15 కిలోహెర్ట్జ్ సిగ్నల్ కావాలి, మామూలు కంప్యూటర్ 31 లేక అంతకన్నా ఎక్కువ పంపుతుంది. తగిన అడాప్టర్ లేకుండా కలపకూడదు.

4. జపాన్‌లో 1985లో జమ్మా అనే ప్రమాణం వచ్చింది. కరెంటు, బొమ్మ, శబ్దం, బటన్లు అన్నీ 56 పిన్నుల కనెక్టర్ ఒక్కదానిలోనే. పెట్టె ఆ రకమైతే ఒక్క వైరూ కోయకుండా అడాప్టర్ తగిలించవచ్చు. కాకపోతే బటన్లని ఎన్‌కోడర్ అనే చిన్న బోర్డుకి కలపాలి. అది ప్రతి నొక్కునీ కీబోర్డ్ అక్షరంగా మారుస్తుంది. మేమ్‌లో మామూలుగా 5 నొక్కితే నాణెం వేసినట్టు, 1 నొక్కితే ఆట మొదలు. నాణెం స్విచ్‌ని 5కి కలిపితే పాత సందు మళ్ళీ పనిచేస్తుంది.

ఆట ఎవరిది?

మేమ్ ఉచితం, కానీ ఆటలన్నీ ఉచితం కావు. మన 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య కృతే! నవలకి రక్షణ ఉన్నట్టే ఆటకీ ఉంది. ఎక్కడ దొరికితే అక్కడ దింపుకోకూడదు. గ్రిడ్లీ లాంటి కొన్నింటిని హక్కుదారులే వ్యాపారేతర వాడకానికి ఉచితంగా ఇచ్చారు. మొదలుపెట్టడానికి అవి చాలు.

చివరి పని

చెడిపోయిన బోర్డుని పాత సామాన్ల వాడికి వేయకూడదు. రేపు ఎవరైనా దాన్ని బాగుచేయవచ్చు. కవరులో చుట్టి ఆ పెట్టెలోనే ఉంచి, ఏది తీశాం, ఏది పెట్టాం, ఏ తేదీన అని ఒక కాగితం జతచేయాలి. తాళపత్ర ప్రతి చివర లేఖకుడు తన పేరు, సంవత్సరం రాసి పెట్టేవాడు. మార్చినవాళ్ళు చెప్పి మారిస్తే, తరవాత వచ్చేవాళ్ళు అసలు ఏదో తెలుసుకుంటారు.