ఉపరితల పుప్పొడి, పరిసర వృక్షసంపద: స్టేషన్ ఘన్‌పూర్ చెరువు ఆయకట్టులలో నమూనా సేకరణకు సూచనలు

చెరువు పూడికలో నిలిచిన పుప్పొడి రేణువుల ఆధారంగా గతకాలపు పంటలను, అడవులను గుర్తించవచ్చును. అయితే నేటి ఉపరితల పుప్పొడి నేటి వృక్షసంపదను ఎంతవరకు ప్రతిబింబించునో తెలియనిదే పాత పొరలను వివరించుట సరికాదు.

పుప్పొడి శాతము మొక్కల శాతమునకు సమానము కాదు. దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్ దీవులలో సహజంగా పెరిగే చెట్లు లేవు. అయినను దక్షిణ అమెరికా నుండి గాలికి కొట్టుకువచ్చిన నోతోఫాగస్ చెట్ల పుప్పొడి అక్కడ లభించుచున్నది. అక్కడ లేని చెట్టు కనబడగా, మన పొలాలలో ఉన్న పంటయే కనబడకపోవచ్చును. పత్తి రేణువులు పెద్దవి, జిగురు గలవి. కీటకాల ద్వారా వ్యాపించుటచే మట్టిలో అరుదు. వరి రేణువులను అడవి గడ్డి రేణువుల నుండి సాధారణ సూక్ష్మదర్శినితో వేరుచేయుట కష్టము. మొక్కజొన్న రేణువులు పెద్దవి గనుక గుర్తించుట సులభము. కాని అధికభాగము పొలము సమీపముననే రాలును.

మరియొక చిక్కు కలదు. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయలో తీసిన పూడికమట్టిని రైతులు పొలాలకు తోలుకొనిరి. అట్టి పొలాల పైమట్టిలో పాత పుప్పొడి కలిసియుండును. దానిని నేటిదిగా లెక్కించినచో ఫలితము తప్పును. పూడిక తీసిన చెరువులో పై పొరలు పోయి కాలక్రమము తెగును.

కావున నమూనాలను కదలించని నేల నుండి, నాచు నుండి సేకరించవలెను. ఒకే స్థలములో పలుచోట్ల తీసి కలుపవలెను. చుట్టుపక్కల మొక్కల జాబితాతోపాటు, పూడికమట్టి ఎప్పుడు తోలినదీ రైతునడిగి సంచిపై వ్రాయవలెను. ఈ వివరము లేని నమూనాపై నిర్ణయము చేయరాదు.