అమ్మమ్మ దగ్గరికి వెళ్ళే వెలుగు

పోయిన టర్మ్‌లో మా సిడ్నీ తరగతిలో ఒక పాప అడిగింది. "తెనాలి అమ్మమ్మకి ఫోన్ చేస్తే జవాబు వెంటనే రాదు. నా తెలుగు అర్థం కాకనా?" మేము ముందు నవ్వేశాం గానీ, పాప ముఖం చూశాక లెక్క వేసి చూపించాలనిపించింది. ఆ పాఠమే ఇది.

మన మాట ఫోనులో అంకెలుగా మారి, ఆ అంకెలు వెలుగు మినుకులై గాజు తీగలో పరుగెడతాయి. వెంట్రుకంత సన్నని ఆ తీగే ఆప్టికల్ ఫైబర్. ఒక్కో మినుకును పల్స్ అంటారు. అవి ఏ దారిన పోతాయన్నది మన చేతిలో లేదు కనుక ఒక దారి అనుకుందాం. సిడ్నీ నుంచి పెర్త్ సుమారు 4,000 కిలోమీటర్లు. అక్కడి నుంచి సింగపూర్‌కి 2018లో సముద్రం అడుగున వేసిన కేబుల్ 4,600. సింగపూర్ నుంచి చెన్నైకి 2002లో వేసిన కేబుల్ సుమారు 3,200. ఆపైన తెనాలి. మొత్తం 12,000 పైచిలుకు.

చిక్కు ఏమిటంటే, గాజు ఎంత స్వచ్ఛమైనదైనా వెలుగు దారిలో తగ్గిపోతూనే ఉంటుంది. 15 కిలోమీటర్లకు సగమవుతుంది. 100 కిలోమీటర్లకు నూరింట ఒక వంతే. 300 కిలోమీటర్లు, అంటే కాన్‌బెర్రా దాటేసరికి, పది లక్షల్లో ఒక వంతు. ఇంక పెర్త్ ఎక్కడ!

పూర్వం దారిలో వెలుగును విద్యుత్తుగా మార్చి, మళ్ళీ కొత్త వెలుగు పుట్టించే పెట్టెలు పెట్టేవారు. 1987లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం వెలుగును వెలుగుగానే పెంచే ఫైబర్‌ని చేసి చూపింది. గాజులో ఎర్బియం అనే లోహాన్ని రవ్వంత కలిపి కొన్ని మీటర్ల తీగ తీస్తారు. ఒక చిన్న లేజర్ ఆ ఎర్బియం పరమాణువులలో శక్తి నింపి ఉంచుతుంది. అలసిన పల్స్ వచ్చి తగలగానే అవి ఆ శక్తిని అచ్చం అదే రంగు వెలుగుగా, అదే తాళంలో విడిచిపెడతాయి. ఒకటి రెండు, రెండు నాలుగు, అలా పెరుగుతుంది. వెలుగుకు ఈ గుణం ఉందని ఐన్‌స్టీన్ 1917లోనే చెప్పాడు. సముద్రం అడుగున ఇలాంటి యాంప్లిఫయర్ 50 నుంచి 100 కిలోమీటర్లకు ఒకటి ఉంటుంది. దానికి కరెంటు ఒడ్డు నుంచే, అదే కేబుల్‌లోని రాగి ద్వారా వెళ్తుంది.

బలం వచ్చింది కదా, ఇక చింత లేదనుకుంటాం. కానీ పల్స్‌లో ఒకే రంగు ఉండదు, పక్కపక్క రంగులు కొన్ని కలిసి ఉంటాయి. గాజులో ఒక్కో రంగు వేగం ఒక్కో రకం. సిటీ టు సర్ఫ్ పరుగులో ఒకేసారి బయలుదేరిన గుంపు బాండై చేరేసరికి ఎంత సాగిపోతుందో చూశారుగా? పల్స్ కూడా అలాగే సాగి, వెనకాల వచ్చేదాని మీద పడుతుంది. పల్స్ ఎంత కురచదైతే అందులో అన్ని ఎక్కువ రంగులు, అంత త్వరగా సాగడం! యాంప్లిఫయర్ దారిలో నీళ్ళిచ్చే మనిషి లాంటిది. ఓపిక ఇస్తుంది గానీ గుంపును దగ్గరికి చేర్చదు. అందుకని వెనకబడిన రంగు ముందుకొచ్చే మరో రకం ఫైబర్‌ని మధ్యమధ్య కలిపేవారు. కొత్త కేబుళ్ళలో చివర ఉన్న కంప్యూటర్ చిప్పే లెక్క కట్టి సర్దేస్తుంది.

పోనీ, మొదట్లోనే బాగా బలం ఇచ్చేస్తే? అదీ కుదరదు. వెలుగు మరీ తీవ్రమైతే గాజు గుణమే కాస్త మారి, పల్స్ తన రంగులను తానే చెదరగొట్టుకుంటుంది. పసిపిల్లకి అన్నం పెట్టినట్టు చిన్న చిన్న ముద్దలే పెట్టాలి. ప్రతి ముద్దతోనూ ఎర్బియం సొంత వెలుగు కొంత రొదలా కలుస్తుంది. దాన్ని పూర్తిగా తప్పించే ఉపాయం లేదు.

ఇప్పుడు పాప లెక్క. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 12,000 కిలోమీటర్లకు 0.06 సెకను, రానుపోను 0.12. ఒక్కో యాంప్లిఫయర్‌లో గడిపేది సెకనులో కోటో వంతుకు అటూ ఇటూ, కాబట్టి అవి అన్నీ కలిసినా లెక్కలోకి రావు. మా రోజుల్లో శాటిలైట్ మీద ఫోన్ చేస్తే 36,000 కిలోమీటర్లు పైకి ఎక్కి దిగాలి, రానుపోను అర సెకను దాటేది. ఇద్దరూ ఒకేసారి "హలో" అనుకోవడంతోనే కార్డు డబ్బులు సగం అయిపోయేవి.

"మరి మిగతా ఆలస్యం?" అంది పాప. మాటను ముక్కలు చేసి, కాసేపు ఆపి, మళ్ళీ అతికించే పని ఇక్కడి ఫోనుదీ అక్కడి ఫోనుదీ అని చెప్పాం. వీడియో కాల్ అయితే అమ్మమ్మ కళ్ళజోడు వెతుక్కునే సమయం కూడా కలుపుకోవాలి.