జ్వరం తగ్గినా తగ్గని నొప్పి

‘చికున్‌గున్యా’ అన్న మాటను మనవారిలో చాలామంది ‘చికెన్ గున్యా’గా మార్చుకొని, అది కోడిమాంసం వల్ల వచ్చే జబ్బని భ్రమపడ్డారు. ఈ పదానికీ కోడికీ ఎట్టి సంబంధమూ లేదు. ఇది తూర్పు ఆఫ్రికాలోని మకొండే భాషాపదం. ‘వంగిపోవునట్లు చేసేది’ అని దాని భావం. 1952-53 సంవత్సరాలలో నేటి టాంజానియా దక్షిణ ప్రాంతంలో ఈ వ్యాధిని తొలుత గుర్తించారు. కీళ్ల బాధతో వంగి నడిచే రోగి స్వరూపమే ఆ పేరులో నిలిచింది.

మన దేశంలో ఇది 1963లో కలకత్తాలోను, అనంతరం మద్రాసు, విశాఖపట్నం, కాకినాడలలోను వ్యాపించింది. 1973 తరువాత చిరకాలం అణగి ఉండి, 2005 చివర ఆంధ్రప్రదేశ్‌లో తిరిగి తలెత్తింది. 2006లో దేశమంతటా సుమారు 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. అప్పుడు మేము పాఠశాల విద్యార్థులము. జ్వరం విడిచి రెండు నెలలైనా మా అమ్మగారు పీట మీద నుండి లేవలేకపోతే, “జ్వరం పోయింది కదా, ఇంకా నొప్పేమిటి?” అని మేమే అన్నాము. ఆ ప్రశ్నకు సమాధానం ఆలస్యంగా తెలిసింది.

కీలు లోపల సైనోవియం అనే పలుచని పొర ఉంటుంది. ఎముకలు ఒరుసుకొనకుండా కాపాడే జిగటద్రవం దాని నుండే ఊరుతుంది. ఈడిస్ దోమకాటుతో ప్రవేశించిన వైరస్ రక్తం ద్వారా ఈ పొరను చేరి, అక్కడి కణాలలో వృద్ధి పొందుతుంది. పరాయి ఆర్.ఎన్.ఏ.ను పసిగట్టిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీనును విడుదల చేస్తుంది. దొంగ పడిన ఇంటివారు కేక వేస్తే ఇరుగుపొరుగువారు తలుపులు బిగించుకొన్నట్లు, ఆ సంకేతం అందిన కణాలు రక్షణకు సిద్ధపడతాయి. ఎం.సి.పి.-1 అనే మరొక సంకేతం రక్తంలోని మోనోసైట్లను కీలులోనికి పిలుస్తుంది. అవి మాక్రోఫేజులుగా మారి శత్రుశేషాన్ని మింగుతూ, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేతాలను తామూ వెలువరిస్తాయి. అందువల్ల రక్తనాళాల నుండి ద్రవం ఊరి కీలు వాస్తుంది, నొప్పి జనిస్తుంది. రక్షించవచ్చిన సైన్యమే పంటచేనును తొక్కినట్లవుతుంది.

సాధారణంగా వారం పది రోజులలో రక్తం నుండి వైరస్ తొలగిపోతుంది. అయినా కొందరిని నొప్పి నెలలు, సంవత్సరాలు వేధిస్తుంది. రీయూనియన్ ద్వీపంలో ఒక రోగి కీలుపొరలోని మాక్రోఫేజులలో 18 నెలల తరువాత కూడ వైరస్ అవశేషాలు కనబడినట్లు 2010లో పరిశోధకులు ప్రకటించారు. మరికొందరు రోగుల కీళ్లద్రవంలో వైరస్ జాడ దొరకలేదు. దొంగ ఇంకా ఇంట దాగి ఉన్నాడా, లేక వాడు వెళ్లినా కేకలు ఆగలేదా అన్నది నేటికీ చర్చనీయాంశమే. కారణం ఏదైనా, బాధ మాత్రం నిజం.

విద్యార్థులారా! నీటితొట్లపై మూతలు ఉంచుడు. వారానికొకసారి వాటిని కడిగి ఆరబెట్టుడు. వైద్యుని సలహా లేక స్టెరాయిడ్లు వాడవద్దు. జ్వరం విడిచిన పెద్దలు “మోకాలు మడవలేకున్నాను” అంటే దానిని నెపమని తలచవద్దు. మేము చేసిన తప్పు మీరు చేయకుందురు గాక.