తొమ్మిది పతకములు

ఐర్లండు దేశమున హర్లింగు అను ప్రాచీనమైన ఆట కలదు. అందు పక్షమునకు పదునైదుగురు ఆటగాండ్రు. కొన వెడల్పైన కఱ్ఱతో వారు చిన్న తోలుబంతిని కొట్టుదురు. బంతి గోలుస్తంభముల నడుమ అడ్డకఱ్ఱకు పైగా పోయినచో ఒక పాయింటు. దాని క్రిందుగా పోయినచో గోలు, అనగా మూడు పాయింట్లు. కావున గోలు కాచువాని పొరపాటునకు మూల్యము అధికము. కన్ను మూసి తెఱచునంతలో వచ్చిపడు బంతిని అతడు కఱ్ఱతోనో, చేతితోనో, దేహముతోనో ఆపవలెను. ఈ ఆటగాండ్రు వేతనము గైకొనరు. తమ ఊరి కొఱకు, తమ కౌంటీ కొఱకు ఆడుదురు. కౌంటీ యనగా మన జిల్లా వంటిది.

కిల్కెన్నీ కౌంటీలో నోర్ నదీతీరమున బెన్నెట్స్‌బ్రిడ్జి అను గ్రామము కలదు. ఆ గ్రామపు జట్టున ఆడి పేరొందినవాడు నోయెల్ స్కీహన్. 1963 నాటికే అతడు కిల్కెన్నీ జట్టులో చేరెను. కాని గోలు కాచు స్థానము అతనికి దక్కలేదు. ఏలయన, అచ్చట అతని బంధువగు ఓలీ వాల్ష్ ఉండెను. వాల్ష్ ఆ కాలపు గోల్‌కీపర్లలో అగ్రగణ్యుడు. 1963, 1967, 1969 సంవత్సరములలో కిల్కెన్నీ అఖిల ఐర్లండు విజేత యయ్యెను. మూడు మారులును గోలు కాచినవాడు వాల్ష్. వెలుపల కూర్చున్న అదనపు ఆటగాడైన స్కీహనుకును పతకములు లభించెను.

ఆడక పొందిన పతకమునకు విలువ యేమి? తక్కిన ఆటగాండ్రు ఒక స్థానము దొరకకున్న మఱియొక స్థానమున ఆడవచ్చును. గోలు కాచు స్థానము ఒక్కటే. వేఱొకడైనచో విసిగి ఆటనే మానియుండును. స్కీహన్ మానలేదు. ఏండ్ల తరబడి రెండవవాడుగా నుండియు జట్టును విడువలేదు.

1972లో అతని దినము వచ్చెను. అతడు గోల్‌కీపరు మాత్రమే గాక జట్టునకు నాయకుడును అయ్యెను. డబ్లిను నగరమందలి క్రోక్ పార్కున ఫైనలు జరిగెను. ఎదుటి పక్షము కార్క్ కౌంటీ. ఇన్నేండ్లు వేచినవానికి అది కఠినపరీక్ష యయ్యెను. కార్క్ వారు ఐదు గోలులు చేసిరి. ఒక దశలో కిల్కెన్నీ ఎనిమిది పాయింట్లు వెనుకబడెను. గెలుపు కార్క్ వారిదే యని తోచెను. అంతట ఎడ్డీ కెహర్ మొదలగువారు విజృంభించి రెండు గోలులు, తొమ్మిది పాయింట్లు సాధించిరి. కార్క్ వారికి అటుపిమ్మట ఒక్క పాయింటైనను రాలేదు. ఐదు మారులు ఆపలేకపోయిన బంతిని స్కీహన్ ఆఱవ మారు లోనికి పోనీయలేదు. కిల్కెన్నీ ఏడు పాయింట్ల ఆధిక్యముతో గెలిచెను. విజయకలశమును నాయకుడు స్కీహన్ అందుకొనెను.

పిదప 1974, 1975, 1979, 1982, 1983 సంవత్సరములందును అతడు గోలు కాచి జట్టును గెలిపించెను. ఆ యేటి మేటి ఆటగాండ్రకిచ్చు ఆల్ స్టార్ పురస్కారమును ఏడు మారులు పొందెను. అతని పతకములు మొత్తము తొమ్మిది. 2014లో హెన్రీ షెఫ్లిన్ పదియవ పతకము పొందువఱకు ఆ సంఖ్యను దాటినవారు లేరు.

ఆ తొమ్మిదింటిలో మూడు వేచియుండి పొందినవి. ఆఱు ఆడి గెలిచినవి. మొదటి మూడింటిని చులకన చేయువారు తక్కిన ఆఱింటికి మూలమెఱుగనివారు. విద్యార్థులారా! ముందువరుసలో చోటు దొరకుట మన చేతిలో లేకపోవచ్చును. అది దొరకిన దినమునకు సిద్ధముగా నుండుట మన చేతిలోనిదే.

ప్రశ్నలు
1. హర్లింగులో గోలు కాచువాని బాధ్యత ఎట్టిది?
2. 1972 ఫైనలు స్కీహనుకు కఠినపరీక్ష ఎట్లయ్యెను?
3. స్కీహన్ మొదటి మూడు పతకముల విలువను గూర్చి మీ అభిప్రాయము వ్రాయుడు.